సరమకు ఒక ఇల్లు

(మాస సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



పురాణమో ఉపనిషత్తో చెప్పవలసిన ఈ వేదికమీద నేడు ఒక కుక్క కథ చెప్పబోతున్నాను, మన్నించండి. అయినా మహాభారత కథ మొదట్లోనే కుక్క కథ ఉన్నది గదా! జనమేజయుని సత్రయాగ స్థలానికి దేవశుని సరమ కొడుకు సారమేయుడు వస్తాడు. హవిస్సును ముట్టలేదు, దానివంక చూడనైనా లేదు. రాజు తమ్ములు కొట్టారు. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని నిలదీసింది. బదులు చెప్పినవారు లేరు. నన్నయభట్టారకుడు తెనిగించిన ఈ ఘట్టాన్ని ముప్పైయేళ్ళకు పైగా పాఠం చెప్పాను. పాఠం చెప్పడం వేరు.

కిందటి కార్తికమాసంలో ఒక సోమవారం, మోమిన్‌పేట్‌లో సదాశివపేట వైపు పోయే రోడ్డు అంచున, ఏదో బండి తగిలి వెనుకకాలు విరిగిన ఆడకుక్క పడి ఉన్నది. నేను మడిలో అభిషేకానికి పోతున్నాను. తప్పుకొని వెళ్ళిపోయాను. దాచడమెందుకు? రుద్రం చెబుతున్నంతసేపూ మనసు అక్కడే ఉన్నది. తిరిగి వచ్చేసరికి అది ఉన్నచోటనే ఉన్నది. ఒక ఆటో అబ్బాయి గోనెసంచి పరిచి సాయపడ్డాడు. పశువైద్యుని చేత కట్టు కట్టించి, రేబిస్ టీకా వేయించి, మా పశువుల కొట్టంలో ఉంచాను. సరమ అని పేరు పెట్టాను.

వైశ్వదేవంలో కుక్కలకూ కాకులకూ క్రిమికీటకాలకూ బలి ఉంచేటప్పుడు, అన్నాన్ని నేలమీద మెల్లగా ఉంచవలెనని మనుస్మృతి చెప్పింది. విసరమని చెప్పలేదు. ఆ ‘మెల్లగా’ అన్న మాటకు అన్నం మట్టి కాకుండా అని అర్థం చెప్పుకొనేవాణ్ణి. కాలు విరిగిన ప్రాణి ముందు వంగి గిన్నె పెట్టినపుడు, చేయి విసురుగా కదిలితే అది ఎంత బెదురుతుందో చూశాను.

కాలు అతికింది. నాకు డెబ్బైనాలుగేళ్ళు, ఒంటరివాణ్ణి. కుక్క పది పన్నెండేళ్ళు బ్రతుకుతుంది, నాకు అంత హామీ ఎవరిస్తారు? మంచి ఇల్లు చూడాలనుకున్నాను. మా శిష్యుడొకడు, “ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గరథం ఎక్కనన్నాడు, మీరు ఇచ్చివేస్తున్నారే?” అన్నాడు. హాస్యానికే అన్నాడు గాని, నాకు గుచ్చుకొన్నది.

మొదట అడిగినవారికే ఇచ్చాను. ఆయన పొలానికి కాపలా కావాలన్నారు. పెద్దమనిషి కదా అని మరేమీ అడగలేదు. మూడు వారాలకు చూడబోతే బోరు దగ్గర మూరెడు గొలుసుతో ఎండలో కట్టి ఉన్నది. నీళ్ళ చట్టి ఎండిపోయింది. మెడ ఒరుసుకొని పుండయింది. ఆయనమీద నాకు కోపం రాలేదు. ఆయన కాపలా అడిగాడు, నేను కాపలా ఇచ్చాను. దానికి ఏమి కావాలో నేనే చెప్పలేదు. ఇవ్వడానికీ విడవడానికీ భేదం నాకు ఆ బోరు దగ్గర తెలిసింది. వెంట తెచ్చుకొన్నాను.

మన ధర్మశాస్త్రంలో దత్తకానికి ఎంత విచారణ ఉన్నదో! దత్తకమీమాంస అని ప్రత్యేక గ్రంథమే ఉన్నది. ఇచ్చేవానికి ఇచ్చే అధికారం ఉండాలి, పుచ్చుకొనేవానికి పుచ్చుకొనే అర్హత ఉండాలి. 2025 ఆగస్టు 22న సర్వోన్నత న్యాయస్థానం వీధికుక్కల విషయంలో ఇచ్చిన ఉత్తర్వులో సైతం, దత్తత తీసుకొన్నవారు ఆ కుక్క మళ్ళీ వీధికి చేరకుండా చూడవలెనని ఉన్నది. పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఎన్ని అడుగుతాము! ఈసారి అలాగే అడిగాను. ఇంటిల్లిపాదికీ ఇష్టమేనా? ఊరికి పోతే అన్నం ఎవరు పెడతారు? ఏటేటా టీకా వేయిస్తారా? పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్సకు ఒప్పుకొంటారా? ఉంచుకోలేకపోతే రోడ్డుమీద వదలకుండా నాకే తెచ్చి ఇస్తారా? ఈ చివరి ప్రశ్నకు కొందరు నొచ్చుకొన్నారు. మన ఆలయానికి విరివిగా విరాళమిచ్చే ఒక భక్తునికి కూడా, ఇంట్లో ఆయన భార్యకు కుక్క అంటే భయమని తెలిసి, ఇవ్వలేనన్నాను. ఆయన ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు.

చివరకు వికారాబాద్ నుంచి అనంతగిరి పోయే దారిలో టీకొట్టు నడిపే దంపతులు వచ్చారు. నా ప్రశ్నలన్నీ విని ఆ తల్లి, “పంతులుగారూ, ఇది ఉరుములకు బెదురుతదా?” అని అడిగింది. అంతవరకు వచ్చినవారిలో ఒక్కరైనా దాని సంగతి అడగలేదు! బెదురుతుంది తల్లీ అన్నాను. “అయితే వానకాలం లోపలే పండుకోబెడతం” అన్నది.

పది రోజులు చూసుకొని చెప్పమన్నాను. అలవాటైన పాత గోనె, నేను పెట్టే జొన్నసంకటి వివరం ఇచ్చి, మొదటి నాలుగు రోజులు చుట్టుపక్కల పిల్లలందరినీ మీదికి రానీయవద్దని చెప్పాను. పదకొండోనాడు వారి కొడుకు ఫోను చేసి, ఇవ్వమని ఖండితంగా చెప్పాడు.

మొన్న అనంతపద్మనాభస్వామి దర్శనానికి పోతూ అక్కడ దిగాను. సరమ బల్లకింద పడుకొని ఉన్నది. నన్ను చూసి లేచి వస్తుందనుకొన్నాను. తోక రెండుసార్లు ఆడించి, మళ్ళీ ఆ పిల్లవాని కాళ్ళమీద తల పెట్టుకొన్నది. టీ తాగి వచ్చేశాను. డబ్బులు తీసుకోలేదు వాళ్ళు.