ముందు కడుపా, ముందు గౌరవమా?

(చింతపల్లి సభలో మాట్లాడిన మాటలు)



బీఈడీ చదివిన మన పిల్లలకు ఒక త్రిభుజం బొమ్మ తెలిసే ఉంటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మాస్లో పేరు మీద ఉంటుంది. అడుగున తిండి, నీరు. దానిపైన భద్రత. ఆపైన నా అనేవాళ్లు. ఆపైన గౌరవం. కొసన, మనిషి తాను కాగలిగినంత కావడం. కింది మెట్టు నిండితేనే పై మెట్టు గుర్తొస్తుందని పాఠం చెబుతారు.

నేనూ బట్టీపట్టి రాశాను. మార్కులొచ్చాయి. కానీ మా ఊరి లెక్క వేరే.

చిన్నప్పుడు మామిడి చెట్టు నిండా కాయలుండేవి. ఇంట్లో చోడి అంబలి పలచబడే రోజులవి. అయినా ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసి, దేవతకు పెట్టేదాకా కాయ ముట్టనిచ్చేవారు కాదు. ఎందుకని అడిగితే మా అమ్మమ్మ, "ఊరు తినకముందు నువ్వు తింటే అరగదురా" అంది. మరి ఇక్కడ ఆకలి ముందా, ఊరు ముందా? మీరే చెప్పండి.

నూరేళ్ల వెనక్కి వెళ్దాం. అడవి చట్టాలు పోడును ఆపేశాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి మనవాళ్లతో చాకిరీ చేయించుకుని, సరైన కూలి ఇవ్వలేదు. కడుపు మాడింది నిజమే. కానీ 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట, గాం గంటందొర, మల్లుదొరలతో కలిసి ఇదే చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదికి వెళ్లినవాళ్లు తెచ్చుకున్నవి ధాన్యం బస్తాలు కావు, తుపాకులు. కడుపు నిండాక గౌరవం సంగతి చూద్దామని వాళ్లు ఆగలేదు.

మాస్లోను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. 1943 వ్యాసంలో ఆయన త్రిభుజం గీయలేదు. ఈ వరస అందరికీ ఒకేలా ఉండదనీ రాశాడు. బొమ్మ తర్వాత మేనేజ్‌మెంట్ చదువుల్లోంచి వచ్చింది. అంతకుముందు 1938లో ఆయన కెనడాలోని బ్లాక్‌ఫుట్ ఆదివాసుల మధ్య కొన్ని వారాలున్నాడు. అక్కడ ఎక్కువ కూడబెట్టినవాడికి కాదు, ఎక్కువ పంచినవాడికే పెద్దరికం. మన కొత్తలకు ఎంత దగ్గరో చూడండి!

నా భయమల్లా ఆ బొమ్మను మన మీద వాడే తీరు గురించే. "ముందు ఉద్యోగాలు, రోడ్డు. హక్కులు తర్వాత" అంటారు. 2015లో జీవో 97తో చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లు బాక్సైట్‌కు ఇవ్వబోయినప్పుడూ అభివృద్ధి మాటే చెప్పారు. మనం ఒప్పుకోలేదు. 2019లో ఆ జీవో రద్దయింది. కొండ పోతే గెడ్డ ఎండుతుంది, కాఫీ తోట పోతుంది, దేవత చోటు పోతుంది. తిండి, భద్రత, ఊరు, గౌరవం మనకు నాలుగు మెట్లు కావు. నాలుగూ ఒకే కొండ మీదున్నాయి.

అలాగని తిండీ రోడ్డూ అక్కర్లేదనడం లేదు. పురిటినొప్పుల తల్లిని డోలీలో మోసిన భుజాలు ఈ సభలోనే ఉన్నాయి. రోడ్డు కావాలి, ఆసుపత్రి కావాలి. అయితే అవి మన హక్కు. కొండకు బదులుగా ఇచ్చే ధర కాదు.

1996 పెసా చట్టం ప్రకారం మన ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలి. రేపు ఎవరైనా కాగితం పట్టుకొచ్చి "ముందు కడుపు చూసుకోండి" అంటే, ఊరంతా కూర్చుని ఒక్క మాట అడగండి: "మా కడుపు నింపేది ఈ కొండే కదా, దాన్నెందుకు అడుగుతున్నారు?"

జై ఆదివాసీ!