పాఠశాలకు వచ్చు విదేశీ యతిథులు

శృంగవరపుకోట ప్రాంతపు పెద్దలారా! క్రైస్తవ సేవాయాత్రపై సముద్రములు దాటి వచ్చి, మన బడిపిల్లలకు పాటలు నేర్పి, మిఠాయి పంచి, నాలుగు దినములలో మరలిపోవు అతిథులను గూర్చి ముచ్చటింప నెంచితిని.

ఇట్టి రాక క్రొత్తది కాదు. 1805లో లండన్ మిషనరీ సంఘమువారగు క్రాన్, డెగ్రాంజి దొరలు విశాఖపట్టణమునకు వచ్చి, బడి పెట్టి, తెలుగు నేర్చి, ఆనందరాయరను బ్రాహ్మణుని సాయమున సువార్తలను తెనిగింప బూనిరి. 1810 నాటికి ఇరువురును ఈ సీమలోనే కన్నుమూసిరి. మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. వారి మతము మనకు నచ్చినను నచ్చకున్నను, పిల్లవాని మాటను వారు నేర్చిరి గదా!

నేటి యతిథి యెంత సహృదయుడైనను దుబాసి నోటనే పలుకును. పిల్లల పేర్లు నోటికి వచ్చులోపలనే బండి కదలును. అది పోయిన త్రోవనే చూచుచు నిలిచిన పిల్లలను నేను చూచితిని.

అతిథిని ఆదరింపుడు. కాని రాజ్యాంగపు 28వ అధికరణమును మరువకుడు. కేవలము ప్రభుత్వ ధనముతో నడచు బడిలో మతబోధ కూడదు. సహాయధనము పొందు బడిలోనైనను, బాలుని అందు పాల్గొనజేయుటకు పెంచువారి సమ్మతి కావలెను. ఛాయాచిత్రము తీయుటకును ముందుగా అడుగుట మర్యాద. వెళ్లునప్పుడు, మరల ఎన్నడు వత్తురో, పిల్లలకు జాబు వ్రాయుదురో లేదో, మీరే అడుగుడు.