ఋషికొండ తీరమున హైస్కూలు: చేరువారు, మానువారు

విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. తెలుగు పండితులముగా బ్రతుకు గడపిన మాకు నేడు పద్యములకంటె హాజరుపట్టీయే యెక్కువగా జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఋషికొండ (రుకారముతో వ్రాయువారు వ్రాయుదురు గాక) అనగానే లోకులకు సముద్రస్నానము తోచును. 1980లో అచ్చట వెలసిన గీతం కళాశాల నేడు విశ్వవిద్యాలయము. కొండపై కంప్యూటరు సంస్థల మేడలు లేచినవి. 2020లో ఆ తీరమునకు నీలిపతాకమను అంతర్జాతీయ గుర్తింపు వచ్చినది. ఇంత వైభవము నడుమ, ఇట్టి తీరగ్రామముల చిన్న ప్రభుత్వోన్నత పాఠశాలలో చేరువారెవరు? మన పడవవారి బిడ్డలు. కట్టడపు పనులకు దూరప్రాంతములనుండి వచ్చిన కూలీల బిడ్డలు. హోటళ్లలో పనిచేయువారి బిడ్డలు. జాలరులును వాడబలిజలును వెనుకబడిన తరగతుల 'ఎ' వర్గమువారు గనుక, పట్టీలో ఆ గడియే నిండుగా నుండును.

బాలికల సంఖ్య చూచి స్త్రీవిద్య వర్ధిల్లినదని సంతసించువారు కలరు. కొడుకును ప్రైవేటు బడికిని, కూతురును ప్రభుత్వపు బడికిని పంపు ఇండ్లు మనలో లేవా? ఆ సంతోషములో సగమే సత్యము.

యంత్రపు పడవలకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము. బడులు తెరచునది జూన్ 12 ప్రాంతమున. ఇంట రూక లేని వేళనే పేరు వ్రాయింపవలసి వచ్చుచున్నది. 2025లో ప్రభుత్వము నిషేధకాలమునకై కుటుంబమునకు 20,000 రూపాయలును, 'తల్లికి వందనము' క్రింద బిడ్డకు 13,000 రూపాయలును ఇచ్చినది. రెండవది ప్రైవేటు బడుల బిడ్డలకును చెల్లును గనుక, దానిని నమ్మి బిడ్డను అచ్చటికి మార్చి, మరుసటి యేడు రుసుము పెరుగగా మరల తెచ్చు తల్లిదండ్రులు కలరు. నడుమ చదువు చెడును. బడికి ఉపాధ్యాయులను బిడ్డల సంఖ్యనుబట్టి యిత్తురు. ఇరువదిమంది పోయిరేని, మిగిలినవారికి లెక్కలు చెప్పువాడును బదిలీయై పోవచ్చును.

దీనికంటె పెద్ద గండి మరియొకటి కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు రక్షణ 6 మొదలు 14 ఏండ్ల వరకే. తొమ్మిది, పది తరగతులవారిలో పెక్కురు ఆ యీడు దాటినవారు. మగబిడ్డ చేతికి వల వచ్చునదియు, ఆడుబిడ్డకు పెండ్లిమాట వచ్చునదియు అప్పుడే.

మన సంఘము ఏటేట పదవ తరగతిలో మంచి మార్కులవారికి పతకము లిచ్చుచున్నది. మంచిదే. ఎనిమిది ముగించి తొమ్మిదవ తరగతి పట్టీలో కనబడని బిడ్డ యెవరని ఏ పేటలోనైన విచారించితిమా? పతకముల సొమ్ములో సగము జూన్ నెలకు ప్రత్యేకింపుడు. పుస్తకములు, దుస్తులు ప్రభుత్వమే యిచ్చును. కావలసినది పేటకొక్క మనిషి. నిరుటి పట్టీ చేతబట్టి ఇంటింటికి తిరుగవలెను. మా కాళ్లింకను సరిగానే యున్నవి. ఋషికొండ పేటను మాకు వదలుడు.