పాలపండ్ల కోడెకు కాడి కడతామా?

(దంపతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పొద్దు మందుల మాట, సూదుల మాట ముందుగా ఎత్తను. కోరు సేద్యం మాట చెప్తాను. సొంత చేను లేనివారికి, ఉన్నా చాలనివారికి అది తెలిసిన బతుకే.

కర్నూలు, కడప సీమల్లో కె.సి. కాలువ నీళ్లు పారే చేలు కొన్నే. తక్కిన చేలు ఎక్కువగా వానను నమ్ముకున్న మెట్ట. ఆ వాన ఎంత నమ్మదగిందో 1876–78 నాటి ధాత కరువు మన ముత్తాతలకే చూపించింది.

నాలుగెకరాల్లో శెనక్కాయ కోరుకు వేశారనుకోండి. ఇరవై మూటలు పండితే పది మూటలు ఆసామివి. మిగిలిన పదిలోనే విత్తనం, ఎరువు, కూలి, వడ్డీ అన్నీ తీరాల. ఇంక ఇంటికేం మిగుల్తుంది? గుత్త అయితే మరీ కష్టం. వాన రాకపోయినా ఒప్పుకున్న డబ్బు కట్టాల్సిందే.

అప్పు తీరనప్పుడు మన కన్ను ఎవరి మీద పడుతుంది? పెద్దకొడుకు మీద. "వాడు చేతికొచ్చినాడు, ఇంక మనకేం బాధ ల్యా" అంటాం. పన్నెండేండ్లకే జీతానికి పెడతాం. లేదా ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికని గుంటూరుకు మిరప కోతకు, పత్తి తీతకు పోయేటప్పుడు వెంటబెట్టుకుని పోతాం. తిరిగొచ్చేసరికి వాడి చదువు వెనకబడి ఉంటుంది. ఆడపిల్ల సంగతీ ఇంతే.

సేద్యగాళ్లు మీరు. మీకొకటి అడుగుతాను. పాలపండ్లు ఊడని కోడెకు కాడి కడతారా? కట్టరు. మెడ పుండు పడుతుందని, జన్మంతా పనికిరాదని మీకు తెలుసు. కోడె మీద ఉన్న ఆ కనికరం కొడుకు మీద ఉండొద్దా? మూతి మీద మీసం మొలిచినంత మాత్రాన వాడు మగాడయినట్టు కాదు. చదువు, పని, తన సంసారం మోసే బలం రావాల.

ఇక పెండ్లి. "ఇంట్లో ఒక చెయ్యి సాయం" అని పద్దెనిమిదేండ్లకే ముడివేస్తాం. ఏడాది తిరక్కముందే బిడ్డ. తండ్రి అప్పు తీరకముందే కొడుకూ తండ్రయినాడు! అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏండ్లు నిండాలని చట్టం. అమ్మాయి ఒళ్లు గట్టిపడేదాకా ఆగడం తల్లికీ బిడ్డకీ మేలు.

ఉన్నమాట చెప్తాను. పిల్లలు తక్కువయితే వాన కురవదు, ఆసామి పాలు తగ్గదు. అయితే ఆ పది మూటలు నలుగురు తినడానికీ, ఎనిమిది మంది తినడానికీ తేడా లేదా? కరువు ఏట ఒక బిడ్డనయినా బడిలో నిలుపుకోవచ్చు.

దారులున్నాయి. 6 నుంచి 14 ఏండ్ల పిల్లలకు ఉచిత చదువు హక్కని చెప్పే చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. సుగ్గికి పోయేవారి పిల్లల కోసం కర్నూలు జిల్లాలో సీజనల్ హాస్టళ్లు నడిపారు. మీ ఊళ్లో ఉందేమో హెడ్మాస్టరును అడగండి. కౌలుదారుకు సాగుదారు కార్డు ఇచ్చే చట్టం 2019లో వచ్చింది. ఆసామితో మాట్లాడి ఒప్పందం రాసుకోండి. కార్డు ఉంటే బ్యాంకు అప్పు అడగడానికి ఆధారం ఉంటుంది.

కాన్పుకూ కాన్పుకూ ఎడం కావాలంటే కాపర్‌-టి ఉంది, మూడు నెలలకొకసారి వేసే అంతర సూది ఉంది. పిల్లలు చాలనుకుంటే ఆపరేషను ఆడవాళ్లకే అనుకోవద్దు. మగవాళ్లది కోత, కుట్టు లేని చిన్న పని. ఆ తర్వాత మూడు నెలలు మాత్రం నిరోధ్ వాడాల. ఏది కావాలో మీ ఇష్టం, బలవంతం లేదు.

ఈ రాత్రి మీరిద్దరూ కూర్చుని మూడు మాటలు మాట్లాడుకోండి: ఈ సుగ్గికి పెద్దోణ్ణి ఎక్కడ ఉంచుతాం? వాడి పెండ్లి ఎప్పుడు? మనకు ఇంకో బిడ్డ కావాలా, కావాలంటే ఎప్పుడు? అనుమానముంటే రేపు ఇద్దరూ కలిసి రండి. సెలవు.