తలరాతా, మేస్త్రి రాతా?

 

నేను తత్వశాస్త్రం చెప్పుకునేవాణ్ని. మనిషి తన ఇష్టప్రకారం నిర్ణయం తీసుకుంటాడా, లేక అన్నీ ముందే ఖాయమై ఉంటాయా అనే పాఠం మొదలుపెట్టేటప్పుడు టీ తాగాలా కాఫీ తాగాలా అనే ఉదాహరణ చెప్పడం మామూలు. ఈ వనపర్తి గడ్డ మీద నిలబడి ఆ ఉదాహరణ చెప్పడానికి నాకు మనసొప్పదు. మన దగ్గర దానికంటే బరువైనది ఉంది.

నా చిన్నప్పుడు దసరా దాటాక వలస పనులకు కూలీలను కుదుర్చుకునే గుంపు మేస్త్రి ఊర్లోకి వచ్చేవాడు. మా పక్కింటి అరుగు మీద ఆయన కూర్చున్న తీరు ఇంకా కళ్లలోనే ఉంది. సంచిలోంచి పొడుగాటి పుస్తకం తీశాడు, ఇంకు ప్యాడు తీశాడు. అడ్వాన్సు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఆలుమగల ముందు పెట్టాడు. ఆమె వాటిని కొంగున ముడేసుకుంది. ఇద్దరి వేలిముద్రలు పడ్డాయి. నెల తిరగకముందే బకెట్టు, బొంత, జొన్నరొట్టెల మూట పట్టుకుని లారీ ఎక్కారు. ఇంట్లో ముసలమ్మ, చిన్నపిల్ల మిగిలారు. "ఎందుకు పోయిండ్రు అవ్వా?" అని అడిగితే, "రాసిపెట్టి ఉంది బిడ్డా" అంది. మేస్త్రిని ఎవరైనా నిలదీస్తే, "నేనేమన్న కట్టేసి తీస్కపోయిన్నా? వాళ్ల ఇష్టంతోనే వచ్చిండ్రు" అనేవాడు.

ఒకరేమో విధి అన్నారు, ఒకరేమో ఇష్టం అన్నారు. నా లెక్కలో ఇద్దరి మాటా తప్పే. ఎందుకో చెప్పడానికే వచ్చాను.

ముందు అవ్వ మాట. దాని వెనక రెండున్నర వేల ఏళ్ల చరిత్ర ఉంది. బుద్ధుడి కాలంలో మక్ఖలి గోసాలుడని ఒక ఆజీవక శాఖ గురువు ఉండేవాడు. మనిషి ప్రయత్నంతో ఏదీ మారదు, అంతా నియతి, అంటే విధి, అని ఆయన బోధ. దారపు ఉండను విసిరితే దారం అయిపోయేదాకా దొర్లుకుంటూ పోతుంది కదా, జీవుడూ తన జన్మలన్నీ అలాగే గడిపి తీరాలన్నాడు. బుద్ధుడు కూడా నేతపనిలోంచే జవాబు తీశాడు. నేసిన బట్టలన్నిట్లోకి వెంట్రుకల కంబళి అధమమైనది, చలికి చల్లగా ఉంటుంది, ఎండకు కాలుతుంది, మతాలన్నిట్లోకి గోసాలుడిది అలాంటిదని తేల్చాడు. ఎందుకంత గట్టిగా అన్నాడు? కష్టకాలంలో కప్పుకుంటే ఆదుకోని ఆలోచన గనక అన్నాడని నాకనిపిస్తుంది.

భగవద్గీత 18వ అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది. అధిష్ఠానం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఆఖరున దైవం. దైవాన్ని కాదనలేదు, ఐదో చోట పెట్టింది. ఆ అవ్వ మొదటి నాలుగింటినీ దాటి నేరుగా ఐదోదానికి పోయింది. ఆ నాలుగూ ఆమె చేతిలో లేకుండా పోయాయి గనక పోయింది.

ఇప్పటి నియతివాదులు నుదుటి మీది రాత అనరు, నుదురు వెనకాల ఉన్న మెదడు అంటారు. 1983లో అమెరికాలో బెంజమిన్ లిబెట్ ఒక ప్రయోగం ప్రకటించాడు. మనుషుల్ని కూర్చోబెట్టి, తోచినప్పుడు చెయ్యి కదిలించమన్నాడు, కదిలించాలనిపించిన క్షణాన్ని గడియారంలో చూసి గుర్తుపెట్టుకోమన్నాడు. చెయ్యి కదలడానికి సుమారు అర సెకను ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది. కదిలిద్దామనే ఎరుక మాత్రం సెకనులో ఐదో వంతు ముందు కలిగింది. అంటే మనకు తెలిసేలోపే పని మొదలైపోయిందన్నమాట. దీన్ని పట్టుకుని స్వేచ్ఛ ఉత్త భ్రమ అన్నవాళ్లున్నారు. 2012లో ఆరన్ షుర్గర్ బృందం మరో లెక్క చూపింది. ఆ సంకేతం నిర్ణయమే కానక్కర్లేదు, మెదడులో ఎప్పుడూ ఉండే అలజడి మెల్లగా పెరిగి ఒక గీత దాటడం కావచ్చునంది. ఆ వాదన ఇంకా నడుస్తోంది. నా అభ్యంతరం ఇంకొకటి. చెయ్యి ఇప్పుడు కదిలించినా, కాసేపాగి కదిలించినా పోయేదేమీ లేదు. అడ్వాన్సు తీసుకోవాలా వద్దా అన్నది అర సెకను విషయం కాదు. దీపం ఆర్పేశాక కూడా ఆ ఇంట్లో ఎన్నో రాత్రులు మాట్లాడుకుంటారు. అక్క పెళ్లి అప్పు, ఎండిన బోరు, బడికి పోయే పిల్ల, అన్నీ ఆ మాటల్లోకి వస్తాయి. ఆలోచన అంటే అది.

కారణాలుండీ నిర్ణయం మనదెలా అవుతుందో చూడాలంటే ఒక్కసారి గద్వాల మగ్గం దగ్గరికి రండి. నేసే మనిషి గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. పైన జాకార్డు, దానికి వరసగా కుట్టిన అట్టలు, అట్టల్లో రంధ్రాలు. పడుగులో ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో ఆ రంధ్రాలే తేలుస్తాయి. అంచు మీద ఏ బుటా రావాలో అట్ట కొట్టిన రోజే ఖాయమైంది. ఒళ్లు నూలు, అంచు పట్టు. అవి రెండూ కలిసేచోట ప్రతి పేకకూ ఈ దారాన్ని ఆ దారంతో మెలేస్తూ పోవాలి. నడుమ ఒక పోగు తెగిందనుకోండి. జాకార్డుకు ఆ సంగతి తెలియదు. కాలు తొక్కితే తర్వాతి అట్ట తిరుగుతుంది, అంతే. కానీ మనిషి కాలు ఆగుతుంది. తెగిన కొస వెతుకుతాడు, వేళ్ల మధ్య నలిపి ముడేస్తాడు, ఎందుకు ఆపావంటే చెబుతాడు. ఆ చూపు తండ్రి నేర్పింది, ఆ వేళ్ల ఒడుపు ఏళ్ల తరబడి చేస్తే వచ్చింది. అది ఎక్కడినుంచో ఊడిపడలేదు, అన్నిటికీ కారణాలున్నాయి. అయినా ఆ ఆగడం ఆయనదే.

నా సిద్ధాంతం ఇంతే. కారణం వేరు, కట్టడి వేరు. స్కాట్లాండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 18వ శతాబ్దంలోనే ఈ దారి చూపాడు. మన కోరికలకు, ఆలోచనలకు కారణాలుంటే స్వేచ్ఛకు వచ్చిన నష్టం లేదు. మంచీ చెడ్డా తూచి దారి మార్చుకునే వీలుంటే అది స్వేచ్ఛే. ఆ వీలును ఒకరు లాగేసుకుంటే అది కట్టడి.

ఇప్పుడు మేస్త్రి మాటకు వద్దాం. తాడుతో కట్టలేదు, నిజమే. 1982లో ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) పనుల్లో ఉన్న కూలీల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జస్టిస్ భగవతి ధర్మాసనం బలవంతపు చాకిరీని నిషేధించే రాజ్యాంగం 23వ అధికరణానికి చెప్పిన అర్థాన్ని మన జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలియజెప్పాలి. బలవంతమంటే కర్ర పట్టుకుని చేయించేదే కాదు, ఆకలి, పేదరికం మనిషికి ఇంకో దారి లేకుండా చేసి కనీస వేతనం కంటే తక్కువకు పని చేయిస్తే అదీ బలవంతపు చాకిరీయే అని కోర్టు చెప్పింది. తత్వశాస్త్రంలో వందల ఏళ్లుగా తెగని ప్రశ్నకు ఒక కోర్టు కూలి లెక్కలోంచి జవాబు చెప్పింది. ఈ తీర్పు చదివినప్పుడల్లా మా పక్కింటి అరుగు గుర్తొస్తుంది.

ఇంకో సంగతి ఉంది, అది మరీ బాధ పెడుతుంది. 2013లో తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన ఒక పరిశీలన వెలువడింది. 464 మంది రైతులు. కోతకు ముందు చేతిలో డబ్బాడని రోజుల్లో, కోత తర్వాత కాస్త నిలదొక్కుకున్న రోజుల్లో, అదే మనిషికి ఆలోచనా పరీక్షలు పెట్టారు. కోతకు ముందు తక్కువ మార్కులు వచ్చాయి, తర్వాత పెరిగాయి. మనిషి మారలేదు, తెలివి మారలేదు, మనసు మీది బరువు మారింది. అంటే లేమి దారులను మూసేయడమే కాదు, దారి వెతికే చూపును కూడా మసకబారుస్తుంది. మేస్త్రి సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాడు. గద్వాల వైపు నడిగడ్డలో విత్తన పత్తి సాగుకు కంపెనీల తరఫు ఆర్గనైజరు ఇచ్చే అడ్వాన్సు గురించి కూడా ఇదే ఆలోచించండి.

అన్నిటికీ కారణాలుంటే మేస్త్రిని మాత్రం తప్పుపట్టడం ఎందుకు, ఆయన మీద కాంట్రాక్టరు లేడా అని మీరు అడగొచ్చు. ఉన్నాడు. ఎవరి చేతిలో ఎంత వీలుందో వాళ్ల మీద అంత బాధ్యత. ఇంకు ప్యాడు ఉన్నవాడి చేతిలో వేలిముద్ర వేసినవాడి కంటే ఎక్కువ వీలుంది, కాంట్రాక్టరు చేతిలో ఇంకా ఎక్కువ.

అలాగని పోయినవాళ్లను బొమ్మలనుకోవద్దు. ఆ తల్లి పిల్లను వెంట తీసుకుపోకుండా అవ్వ దగ్గర వదిలింది, బడి మాన్పించొద్దని ఒట్టు వేయించుకుంది. ఉన్న బెత్తెడు చోటులో ఆమె తీసుకున్న నిర్ణయం అది. దాన్ని విధి ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను.

ఆ చోటు ఎలా పెరుగుతుందో కూడా చూడండి. కృష్ణా మీద జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు నుంచి శ్రీశైలం వెనక నీళ్లు కల్వకుర్తి ఎత్తిపోతలతో పైకెక్కాయి. నీళ్లు వచ్చిన పొలం ఉన్నవాడు మేస్త్రికి వద్దని చెప్పగలిగాడు. దేశమంతా కట్టలు కట్టి పాలమూరు లేబర్ అని పేరు తెచ్చుకున్నవాళ్ల సొంత పొలానికి ఇన్నాళ్లు నీళ్లు రాకపోవడం బ్రహ్మ రాసింది కాదు. అది బడ్జెట్లలో రాసింది, రాయకుండా వదిలేసింది.

ఆఖరుగా ఒక్క మాట. అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా వేరేచోట పనికి పోవద్దు, ఊరు దాటొద్దు అని కట్టడి చేస్తే అది వెట్టి. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు. కలెక్టరుకు, ఆర్డీవోకు ఫిర్యాదు చేయొచ్చు. 2011 లెక్కల్లో ఇప్పటి గద్వాల జిల్లాలో చదవగలిగినవాళ్లు సగం మంది కూడా లేరు. కాలేజీ పిల్లలూ, మీ వాడలో మేస్త్రి పుస్తకం తెరిచిన రోజు, వేలిముద్ర పడకముందే వెళ్లి పక్కన కూర్చోండి. అందులో ఏం రాసి ఉందో వాళ్లకు పైకి చదివి వినిపించండి.