ఒక గదిలో పొగ – ఇంటిల్లిపాదికీ పిలుపు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి పెద్దలు చక్కగా సెలవిచ్చారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇళ్లకు వైరింగు చేసి బ్రతికినవాణ్ణి. నాకు తెలిసిన ఒక్క సంగతి మనవి చేసి కూర్చుంటాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా పెద్దమ్మాయి పురిటికి వచ్చింది. జనవరి చలి. మా అమ్మీ పాత అలవాటు ప్రకారం బాలింత మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టించింది. చలిగాలి రాకూడదని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది నేనే. తెల్లవారుజామున అమ్మాయికి తలనొప్పి, వాంతి. పసివాడు పాలు పట్టక వాలిపోయాడు. నజర్ తగిలిందన్నది అమ్మీ. దిగదుడవటానికి మిరపకాయలు తెస్తానని తలుపు బార్లా తీసి వంటింట్లోకి వెళ్లింది. ఆ తలుపు తీయటమే మమ్మల్ని కాపాడింది. గాలి ఆడిన కొంతసేపటికి అమ్మాయి తేరుకుంది. ఆస్పత్రిలో డాక్టరుగారు "కుంపటి పెట్టారా?" అని అడిగారు. "పెట్టామండీ, కానీ పొగ లేదు, నిప్పు కణకణలాడుతున్నది" అన్నాను. "అందుకే మీకు తెలియలేదు" అన్నారు.

ఆ కనిపించని విషవాయువు పేరు కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. బొగ్గుల కుంపటి, మూసిన స్నానాలగదిలో గ్యాసు గీజరు, వరండాలో జనరేటరు, దమ్ బిర్యానీ అయ్యాక లోపలికి తెచ్చిన బొగ్గులు – ఇవన్నీ దాన్ని పుట్టిస్తాయి.

రెండవ శత్రువు పొగ. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలు, పైన కాపురమున్న ఇంట్లో 17 మంది చనిపోయారు. అందులో పిల్లలే 8 మంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్ మంగాఫ్‌లో కూలీల వసతిగృహంలో కింద పుట్టిన మంట 40 మందికి పైగా మనదేశస్థుల్ని బలిగొన్నది. రెండుచోట్లా మంట కంటే పొగే ఎక్కువమందిని చంపింది. నిద్రలో పొగ వాసన మనిషిని లేపుతుందని నమ్మరాదు. అంతకుముందే స్పృహ తప్పవచ్చు.

కాబట్టి ఇంటికి అలారం కావాలి. అయితే ఒక్కటి పెడితే చాలునా? కింద హాల్లో అది మోగితే, మేడమీద తలుపు మూసి ఫ్యానో ఏసీయో వేసుకుని పడుకున్న కొడుకు కోడళ్లకు వినపడదు. అందువల్లనే ఒకదానితో ఒకటి కలిపిన అలారాలు కావాలి. ఏ ఒక్కటి పసిగట్టినా అన్నీ ఒక్కసారే మోగుతాయి. కొత్త ఇల్లు కట్టేవారు వైరుతో కలపవచ్చు. పాత ఇంటికి గోడలు తొలవనక్కరలేదు, రేడియో తరంగాలతో కలిసేవి ఉన్నాయి. కాని అన్నీ ఒకే కంపెనీవి, ఒకదానితో ఒకటి కలిసే రకమే కొనండి. వేర్వేరు కంపెనీలవి సాధారణంగా కలవవు.

ఏది ఎక్కడ పెట్టాలో చెబుతాను. పొగ అలారం ప్రతి పడకగదిలో, గదుల బయట నడవలో, ప్రతి అంతస్తులో, పైకప్పుకు బిగించాలి. వంటింట్లో మాత్రం పొగది వద్దు. తాలింపు వేస్తే చాలు, గోల పెడుతుంది. విసిగి ఊడబీకుతాం. అక్కడ వేడిని గుర్తించేది పెట్టండి. లోబాను వేసే చోటికీ దూరంగా ఉంచండి. కార్బన్ మోనాక్సైడు అలారం పడకగదుల దగ్గర ఉండాలి. ఇది వంటగ్యాసు కారటాన్ని పట్టదు. సిలిండరు గ్యాసు గాలికంటే బరువు గనుక దాని అలారం వేరు, నేలకు దగ్గరగా పెట్టాలి. ఈ భేదం తెలియక చాలామంది మోసపోతున్నారు.

మనకు కరెంటు పోతుంటుంది. కావున బ్యాటరీ కూడా ఉన్నవే తీసుకోండి. పెట్టెమీద పొగదానికి ఇ.ఎన్. 14604 గాని యు.ఎల్. 217 గాని, కార్బన్ మోనాక్సైడుదానికి ఇ.ఎన్. 50291 గాని యు.ఎల్. 2034 గాని ఉన్నదేమో చూడండి. నెలకొకసారి బటను నొక్కి, అన్ని గదుల్లోనూ మోగుతున్నదా అని వినండి. పొగ అలారం ఆయుష్షు సుమారు 10 ఏళ్లు. రెండవదానికి పెట్టెమీద రాసిన గడువు తీరగానే మార్చాలి.

అలారం మోగితే సామాను కోసం ఆగకండి. పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని బయటపడి 101కి గాని 112కి గాని ఫోను చేయండి. విజయవాడలో 2022 ఏప్రిల్‌లో పడకగదిలో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. అలారం ఉన్నా సరే, ఆ పని చేయకండి.

గల్ఫులో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారని అడుగుతారు. ఈసారి ఇవి తెమ్మనండి. అలాగే మీరున్న వసతిలో అలారం ఉన్నదా, మేడమీద తలుపుకు తాళం వేశారా అని వారినీ అడగండి. 2014లో మన చల్లపల్లివారు చీపుళ్లు పట్టి వీధులు బాగుచేసుకోవటం మొదలుపెట్టారు. అలాంటి ఊరివాళ్లకు ఇదొక లెక్క కాదు. కొనలేని విధవరాళ్ల ఇళ్లకు సంఘం తరఫున అమర్చే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. బిగించే పని నాది, కూలి వద్దు.

ఆనాడు కుంపటి గదిలో వాలిపోయిన పసివాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. ఆ తలుపు తెరుచుకోకపోతే ఈ మాట ఈవేళ నేను చెప్పగలిగేవాణ్ణి కాను. మిరపకాయల పుణ్యమా అని మేము బయటపడ్డాం. మీరు దానిమీద ఆధారపడవద్దు.

సెలవు. ఖుదా హాఫిజ్.