కట్టకడపటి సైకిలు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



ప్రతి సంవత్సరము ఈ వేదికమీదనుండి పరీక్షా ఫలితములను గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో నేను చెప్పుట, మీరు వినుట అలవాటైపోయినది. ఈ యేడు సైకిలును గూర్చి మాటలాడెదను. ఏబది దాటిన ప్రధానోపాధ్యాయునకు సైకిలుతో ఏమి పనియని పెద్దలు కొందరు లోలోపల నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, కాని తుదివరకు వినుడు. ఈ కథలో నా తప్పు ఒకటి యున్నది. మన పాఠశాల బాధ్యతయు ఒకటి యున్నది.

మన చంద్రపూరులో ప్రతి ఆదివారము వేకువనే సైకిళ్లెక్కి బయలుదేరు సంఘమొకటి కలదు. అందు పెక్కుమంది మరాఠీ సోదరులు; విద్యుత్ కేంద్రపు ఉద్యోగులు, దుకాణదారులు, ఒకరిద్దరు వైద్యులు. రెండేండ్లుగా నేనును వారితో తిరుగుచున్నాను. వారిలో మేటిని కాను, కొత్తవాడనును కాను, నడిమివాడను. గత దసరా సెలవుల పిమ్మట మన పై తరగతుల విద్యార్థులు పదునలుగురు, అందు బాలికలు ఐదుగురు, తామును వచ్చెదమని ముందుకు వచ్చిరి. జనవరిలో ఒక ఆదివారమున వరోరా చెంతనున్న ఆనందవనమునకు పోయి, ఆనాడే తిరిగి రావలెనని అందరమును కలిసి నిశ్చయించితిమి. పోనురాను సుమారు 100 కిలోమీటర్లు.

ఆనందవనమునే ఏల ఎన్నుకొంటిమని మీరడుగవచ్చును. మన జిల్లాలో సైకిలు ప్రయాణమునకు అంతకంటె పెద్ద పేరుగల చోటు వేరొకటి లేదు. 1985 డిసెంబరులో బాబా ఆమ్టే గారు 'భారత్ జోడో' అను పేర నూరుమందికి పైబడిన యువతీయువకులను సైకిళ్లమీద కన్యాకుమారినుండి కాశ్మీరమునకు నడిపించిరి. ఆ దారి 5,000 కిలోమీటర్లకు మించినది. 1988లో మరల ఈటానగరునుండి గుజరాతులోని ఓఖా వరకు, 7,500 కిలోమీటర్లకు పైగా, రెండవ యాత్ర సాగించిరి. మొదటి యాత్రనాటికి వారు డెబ్బది యేండ్లవారు. వెన్నెముక వ్యాధిచేత కూర్చుండుటకు వీలులేక, బండిలో పడుకొనియే యాత్ర వెంట పోయిరి. సైకిలెక్కలేని మనుష్యుడు దేశమునంతను సైకిలెక్కించెనన్నమాట.

ఇక మా అభ్యాసమును గూర్చి చెప్పెదను. 100 అను సంఖ్య వినగానే పిల్లలు కొందరు జంకిరి. దానిని ఒక్కసారి చూడవద్దనియు, గుణింతము నేర్చినట్లు కొంచెము కొంచెముగా నేర్వవలెననియు సంఘములోని పెద్దలు చెప్పిరి. మొదటి ఆదివారము 12 కిలోమీటర్లు; తరువాత బల్లార్షా వరకు పోయి వచ్చుట, అది 30; ఆపైన వార్ధా నది దాటి రాజురా. ఆ రాజురా ప్రాంతము 1956 వరకు హైదరాబాదు రాజ్యములోని ఆదిలాబాదు జిల్లాకు చేరినదని పిల్లలకు అక్కడనే చరిత్ర పాఠము చెప్పితిని. వారమునకు కొద్దికొద్దిగానే దూరము పెంచితిమి. మూడు వారములు పెంచిన పిమ్మట ఒక వారము తగ్గించితిమి. కండరములకు విశ్రాంతియు అభ్యాసములో భాగమే. తాడోబా అడవి అంచున పోవు మార్గములయందు పులులు తిరుగును గనుక, తెల్లవారక ముందు ఆ దిక్కునకు పోరాదని కట్టడి చేసితిమి. వేసవిలో మన పట్టణమున ఎండ 45 డిగ్రీలు దాటుట మీరెరిగినదే. అందుచేతనే శీతకాలమును ఎన్నుకొంటిమి.

సైకిలును సరిచేసికొనుటయు ఒక విద్యయే. సీటుపై కూర్చుండి, పెడలును అడుగునకు తెచ్చి, మడమ దానిపై నుంచినచో కాలు నిటారుగా చాగవలెను. సీటు అంతకంటె తక్కువ యెత్తున నున్నచో మోకాళ్లు నొచ్చును. చక్రములలో గాలి చాలినంత యుండవలెను. చైనునకు నూనె, బ్రేకునకు బిగువు, తలకు హెల్మెటు తప్పనిసరి. దాహము వేయకముందే నీరు త్రాగవలెను. ఆకలి కాకముందే తినవలెను. మా సంచులలో అరటిపండ్లు, వేయించిన సెనగలు, బెల్లము, ఉప్పును పంచదారయు కలిపిన నీరు, ఇవియే యుండినవి. సంఘమువారివి గేర్లుగల తేలిక సైకిళ్లు. మన పిల్లలవి చాలవరకు తండ్రులు గనికి పోవు బరువు సైకిళ్లు. అయినను ఎవ్వరును చిన్నబుచ్చుకొనలేదు.

గుంపుగా పోవుటలో వేరొక రహస్యము కలదు. ముందువాని వెనుక ఒక సైకిలు పొడవు ఎడముతో పోవువానికి ఎదురుగాలి తాకిడి తగ్గి శ్రమ తగ్గును. కనుక ముందుండు కష్టమును వంతులవారీగా పంచుకొనవలెను. రోడ్డుమీద గుంత కనబడినచో ముందువాడు కేకవేయును. ఆ కేక ఒకరినుండి ఒకరికి వెనుకకు పోవలెను. మరాఠీ మిత్రులు 'ఖడ్డా' యందురు, మన పిల్లలు 'గుంత' యందురు. నెల తిరుగునప్పటికి మనవారు 'ఖడ్డా' యని, వారు 'గుంత' యని అరచుట వినవచ్చెను. పాఠశాలలో పదేండ్లు చెప్పినను రాని భాషా సామరస్యము రోడ్డుమీది గుంతలవలన వచ్చినది!

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. ఆరవ ఆదివారమున మేము భద్రావతి వరకు పోయి తిరిగి వచ్చుచుంటిమి. ఆనాడు సంఘపు పెద్దలు లేరు, నాయకత్వము నాది. గాలి వెనుకనుండి వీచుచుండెను. బలముగల పిల్లలు నలుగురు నాతో ముందుండిరి. వారితో సమానముగా త్రొక్కగలుగుచున్నానను గర్వము నన్ను ఆవహించినది. వెనుకకు చూడలేదు. ఒక టీ దుకాణమువద్ద ఆగి లెక్కింపగా పదుమువ్వురే యున్నారు!

తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేడు. తుమ్మముల్లు గ్రుచ్చుకొని అతని సైకిలు పంచరైనది. “సార్, ఆగుండ్రి!” యని అరచినాడట. బొగ్గు లారీల రొదలో ఆ కేక ఎవ్వరికిని వినబడలేదు. పంపు నా సంచిలో నున్నది, అతనికడ లేదు. నేను వెనుకకు పోవునప్పటికి ఆ బాలుడు ఎండలో దుమ్ములో సైకిలు నడిపించుకొనుచు నాలుగు కిలోమీటర్లు నడచి వచ్చియుండెను. నన్ను చూచి తప్పు పట్టలేదు, కన్నీరు పెట్టలేదు. “సార్, నా వల్ల అందరికీ లేటయ్యింది” అనెను.

మహాజనులారా, ఆ మాట నాకు చెంపపెట్టువలె తగిలినది. విడిచివచ్చినది నేను; అపరాధిననుకొన్నది ఆ బాలుడు!

ఆ సాయంత్రము సంఘములోని పెద్ద యొకరికి జరిగినదంతయు చెప్పితిని. వారు నన్ను నిందింపక, ఒక పాత సంగతి చెప్పిరి. 1897లో ఇటలీ దేశమున కొందరు సైకిలు వీరులు రోమునుండి నేపుల్సునకు సుమారు 230 కిలోమీటర్ల దారిని ఒక్క పగటిలో దాటిరి. వారి సాహసమును బట్టి అట్టి ప్రయాణములకు 'అడాక్స్' అను పేరు వచ్చినది. 1904లో ఫ్రాన్సు దేశమున ఆ పద్ధతికి నియమము లేర్పడినవి. వాని ప్రకారము నాయకుడు వేగమును నిర్ణయించును. గుంపంతయు కలిసియే పోవలెను, కలిసియే చేరవలెను. పందెములో మొదటివాడెవ్వడని అడుగుదురు. ఇందులో కడపటివాడు చేరెనా యని అడుగుదురు.

మరునాటినుండి మేము మూడు కట్టుబాట్లు చేసికొంటిమి. అందరిలో నెమ్మదిగా త్రొక్కువాడు నాయకుని వెనుకనే రెండవ స్థానమున నుండవలెను. అతని వేగమే గుంపు వేగము. అందరిలో నేర్పరియైనవాడు కట్టకడపట నుండవలెను. అతనికి 'కడపటి కాపు' అని పేరు పెట్టితిమి. పంపు, పంచరు సామాను అతనికడనే యుండవలెను. ప్రతి మజిలీలోను తలలు లెక్కింపక నీరు త్రాగరాదు.

జనవరిలో ఆ ఆదివారము ఉదయము ఆరున్నరకు బయలుదేరితిమి. ఆ బాలుడు రెండవ స్థానమున, నేను కట్టకడపట. భద్రావతిలో ఉపాహారము చేసి, పదకొండు గంటలకు ఆనందవనము చేరితిమి. పదునలుగురును చేరిరి. సంఘములోని యువకులు తమ తేలిక సైకిళ్లను అంత నెమ్మదిగా నడుపుట వారికెంత కష్టమో నేనెరుగుదును, ఒక్కరును విసుగుకొనలేదు. సాయంత్రము చీకటి పడకముందే ఇల్లు చేరితిమి.

ఆనందవనమున పిల్లలు చూచినదేమి? సమాజము వెలివేసిన కుష్ఠురోగులకొరకు బాబా ఆమ్టే గారు, సాధనా తాయి గారు 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించిరి. ఊళ్లు ఎవరిని దారిలో వదలి ముందుకు పోయినవో, వారి చేతులతోనే ఆ బీడు భూమి పచ్చనైనది. 'భారత్ జోడో' అన్న పిలుపు అక్కడి మనుష్యునినుండియే ఏల వచ్చినదో నాకా దినమున తెలిసినది. వెనుకబడినవారికొరకు ఆగినవాడే దేశమును కలుపుటను గూర్చి మాటలాడ దగినవాడు.

ఇప్పుడు మన పాఠశాల సంగతి. మన హాజరు పట్టీలో ప్రతి సంవత్సరము కొన్ని పేర్లు మధ్యలో ఆగిపోవుచున్నవి. తండ్రి గని మారినాడనియో, ఇంట చిన్నపిల్లలను చూచుకొనవలెననియో, తెలుగు చదివి ఏమి లాభమనియో బాలుడో బాలికయో రాకుండును. కొన్ని దినములు చూచి, ఎర్ర సిరాతో పేరు కొట్టివేయుదుము. పదవ తరగతిలో నూటికి ఇందరు కృతార్థులైరని ఈ వేదికమీదనే నేను గర్వముగా చదివియున్నాను. గాలి వెనుకనుండి వీచినప్పుడు ముందున్న నలుగురిని చూచి మురిసిన ఆ సైకిలు నాయకునకు, ఈ ప్రధానోపాధ్యాయునకు భేదమేమి? ఆ పిల్లలును “సార్, ఆగుండ్రి” యని అరచియే యుందురు. నాకు వినబడలేదు.

కనుక ఈ సంవత్సరమునుండి మన పాఠశాలలో ప్రతి తరగతికి ఒక ఉపాధ్యాయుడు 'కడపటి కాపు'గా నుండును. ఏ విద్యార్థియైనను వరుసగా మూడు దినములు రానిచో, మూడవనాటి సాయంత్రము ఆ ఉపాధ్యాయుడు వారి యింటికి పోవును. దూరమైనచో నేను సైకిలుమీద పోయెదను. ఆ అభ్యాసము ఇప్పుడు నాకున్నది. తల్లిదండ్రులారా, మేము మీ వాకిట నిలిచిననాడు తప్పు పట్టుటకు వచ్చినామనుకొనకుడు. గుంపంతయు అక్కడ ఆగి, మీ బిడ్డకొరకు ఎదురుచూచుచున్నదని చెప్పుటకు వచ్చెదము.

చిరంజీవులారా! మీలో వేగముగలవారు వేగమును దాచుకొన నక్కరలేదు. ఎదురుగాలిలో ముందు నిలిచి, వెనుకవానికి గాలి తగ్గించుటకే ఆ బలమును వాడుడు. నెమ్మదిగా పోవువారు సిగ్గుపడ నక్కరలేదు. ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు గట్టిగా పిలువుడు. వినుట మా పని.

వచ్చే జనవరిలో మరల ఆనందవనమునకు పోయెదము. పేర్లు ఇచ్చువారు రేపటినుండి ఇయ్యవచ్చును. సైకిలు లేనివారును ఇయ్యవచ్చును. దానికి మార్గము పెద్దలమందరము కలిసి వెదకెదము.